ఎలుకతో కాదు, దాని ఇంటితో పేచీ

కారులో గూడు పెట్టే ఎలుకను తరమడానికి గుంటూరు కారం పనిచేయదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి వచ్చినవారు ఇక్కడితో ఆగిపోవచ్చు. అర కిలో కారం నీళ్లలో కలిపి, వడకట్టి, మొక్కలకు మందు కొట్టే సీసాతో కారు ఇంజిన్ మీద చల్లినవాడిగా చెబుతున్నాను. ఎలుకకు ఏమీ కాలేదు. మరునాడు ఉదయం పిల్లలను బడిలో దింపడానికి వెళ్తూ ఏసీ వేశాను. కారు బయటి గాలిని పీల్చుకునే జాలీ ముందు అద్దం కింద, సరిగ్గా నేను కారం చల్లిన చోటే ఉంటుందని అప్పుడు తెలిసింది. నలుగురం రోడ్డు పక్కన కారు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచి, పావుగంట సేపు తుమ్ముతూ నిలబడ్డాం. అప్పటిదాకా నేను ఎలుకతో యుద్ధం చేస్తున్నాననుకున్నాను. అసలు గొడవ వేరే చోట ఉందని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

మేము ఉండేది అరిజోనాలో, టూసాన్ నగరానికి వాయవ్యపు అంచున. పెరటి గోడ దాటితే ఎండు వాగు. ఇక్కడివాళ్లు దాన్ని ‘వాష్’ అంటారు. వాగుకు అవతల సొనోరా ఎడారి. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు, ఒంటెలు ఊహించుకోవద్దు. నాగజెముడు పొదలు, మన సర్కారు తుమ్మకు అన్నదమ్ముల వరస అయ్యే మెస్కీట్ చెట్లు, తాకితే ఒంటికి అతుక్కుపోయే చోయా ముళ్లు, వాటి మధ్య స్తంభాల్లా సాగువారో జెముళ్లు. మన పొలం గట్ల మీది నాగజెముడూ, సర్కారు తుమ్మా ఒకప్పుడు ఈ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చినవే. అందువల్లనేమో, ఈ నేల నాకు మొదటి రోజు నుంచీ కొత్తగా అనిపించలేదు. కోనసీమలో పుట్టినవాడు ఎడారిని చూసి ఇలా అనడం విడ్డూరమే అనుకోండి.

రెండేళ్ల కిందట డిసెంబరులో ఇండియా వెళ్లి, అయిదు వారాల తరువాత తిరిగొచ్చాం. ఇంటి ముందు నిలిపిన కారు స్టార్టు చేస్తే ఇంజిన్ దగ్గుతూ వణికింది, ముందు బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. బానెట్ ఎత్తాను. ఇంజిన్ చుట్టూ చోయా ముక్కలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి, మా ఊళ్లో దొడ్డి చుట్టూ తుమ్మకంప వేసినట్టు. కంచెకు లోపల, బానెట్ అడుగున ఉండే దూది పొరను పీకి చేసుకున్న గిన్నెలాంటి పడక. పక్కన కొట్టుగది: మెస్కీట్ కాయలు, కొరికిన నాగజెముడు ముక్క, ఎండిన కుక్క పెంట, ఎవరి తోటలోంచో తెచ్చిన ప్లాస్టిక్ చీటీ. ఇంజెక్టర్లకు వెళ్లే వైర్ల కట్ట రెండు చోట్ల తెగింది. బాగుచేయడానికి 1,840 డాలర్లయింది. బీమాలో మన వాటా 500 పోగా మిగతాది వాళ్లు కట్టారు. మా దగ్గరివాళ్లందరూ వినాయకుడి జోకే వేశారు కాబట్టి నేను మళ్లీ వేయను.

మెకానిక్ తల ఊపుతూ ‘సోయా’ అన్నాడు. ఇప్పటి కార్ల వైర్ల తొడుగుల్లో సోయా నూనెతో చేసిన పదార్థం ఉందనీ, ఆ రుచికే ఎలుకలు మరుగుతున్నాయనీ అమెరికాలో గట్టి నమ్మకం. దీని మీద కార్ల కంపెనీలపై కోర్టుల్లో దావాలు కూడా నడిచాయి. నాకీ వాదన నచ్చదు. ఎలుకజాతికి ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవలసిందే. సోయా మాట పుట్టకముందు కార్ల వైర్లనూ కొరికాయి, కార్లే లేనప్పుడు గుర్రపు జీనులనూ వదల్లేదు. పైగా మా కారులో అది తీగలను తినలేదు, దారికి అడ్డంగా ఉన్నవి తెంపింది. ఇల్లు కట్టుకునేవాడు కొమ్మలు నరికినట్టు. సోయా సిద్ధాంతంలో ఒక సుఖం ఉంది: తప్పు కంపెనీది అయిపోతుంది, మనం చేయవలసిందేమీ ఉండదు.

ఆ ఎలుక పేరు ప్యాక్‌రాట్. శాస్త్రజ్ఞులు నియోటోమా అంటారు. మా వైపు ఎక్కువగా కనిపించేది గొంతు దగ్గర తెల్లగా ఉండే రకం. పెద్ద చెవులు, పెద్ద కళ్లు, తోక మీద కూడా బొచ్చు, మురుగు కాలవ ఎలుకలా కాకుండా చూడముచ్చటగా ఉంటుంది. రాత్రిపూటే తిరుగుతుంది. నీళ్లు తాగకపోయినా జెముడు గుజ్జుతో బతికేస్తుంది. ఫీనిక్స్‌లో నిమ్మ, నారింజ తోటల ఇళ్లను 2001 నుంచి వేధిస్తున్నది వేరే రకం, ఇళ్ల కప్పులెక్కే నల్ల ఎలుక. దాని మూలాలు మన భారత ఉపఖండంలోనే. మనం ఇక్కడి నుంచి జెముడు తెచ్చుకున్నాం, ఇక్కడివాళ్లకు ఎలుకను ఇచ్చాం, లెక్క సరిపోయింది.

ప్యాక్‌రాట్‌కు ఒక వింత గుణం ఉంది. నోట ఒకటి కరుచుకుని పోతూ ఉండగా ఇంకాస్త నచ్చింది కనబడితే, చేతిది అక్కడ వదిలి కొత్తది పట్టుకుపోతుంది. మెరిసేవంటే మరీ ఇష్టం. మా గ్యారేజిలో పూజ సామాను పెట్టె ఉంది. ఒక శ్రావణ శుక్రవారం నాడు మా ఆవిడ దాన్ని తెరిస్తే వెండి కుంకుమ భరిణె ఉంది గానీ మూత లేదు. పక్కన ఒక ఎండు మెస్కీట్ కాయ ఉంది. ఆ కాయను ఎవరూ పట్టించుకోలేదు. పిల్లల మీద, పోయిన ఏడు పేరంటానికి వచ్చినవాళ్ల మీద కూడా అనుమానాలు సాగాయి.

ఇక దాని గూడు. దాన్ని గూడు అనడం కన్నా దిబ్బ అనడం నయం. కొన్ని మోకాలెత్తు పెరుగుతాయి. ఒక దిబ్బలో ఒక్కటే పెద్ద ఎలుక ఉంటుంది, తల్లి అయితే పిల్లలతో. అది చచ్చిపోతే దిబ్బ ఖాళీగా ఉండదు. ఇంకొకటి వచ్చి చేరి, పైన మరికొంత పోగు వేస్తుంది. కొండ పగుళ్లలో, వాన తగలని చోట, దిబ్బలోని చెత్త అంతా దాని మూత్రంతో గట్టిపడి రాయిలా నిలిచిపోతుంది. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా బయలుదేరిన ఒక బృందం నెవాడాలో అలాంటి మెరిసే గడ్డలను మిఠాయి అనుకుని ఆకలికి తిన్నది. తియ్యగానే ఉన్నాయట, తరువాత కడుపులో తిప్పిందట. 1964లో వెల్స్, జార్గెన్సన్ అనే ఇద్దరు ఈ దిబ్బల్లోని ఆకులు, గింజల ఆధారంగా మంచుయుగంలో మొహావీ ఎడారిలో ఏ చెట్లుండేవో చెప్పారు. అక్కడి నుంచి అదొక శాస్త్రమే అయింది. వేల ఏళ్ల నాటివి, 40 వేల ఏళ్లు దాటినవి కూడా దొరికాయి. మా టూసాన్‌లో సాయంత్రం నడకకు జనం ఎక్కే టుమామాక్ కొండ మీద 1903లో పెట్టిన ఎడారి పరిశోధనశాల ఉంది. ఈ దిబ్బల చదువుకు అదొక పెద్ద కేంద్రం. నా కారులో అయిదు వారాల్లో మొదలైనది అదే దిబ్బ. నేను ఇంకో పది వేల ఏళ్లు ఇండియాలో ఉండిపోయి ఉంటే శాస్త్రానికి ఎంత మేలు జరిగేదో!

ఇది చదివిన తరువాతే నా ఆలోచన మారింది. ఎలుక మా కారును కారుగా చూడలేదు. ఎడారిలో దానికి కావలసింది ఒక కప్పు, ఒక చీకటి సందు, కదలని గట్టి గోడలు. పగలు 40 డిగ్రీలు దాటే ఎండ, రాత్రి గుడ్లగూబ, కొయోటీ అనే నక్క. జెముడు పొద, చెట్టు మొదలు, రాతి పగులు, ఈ మూడూ లేకపోతే అది లేదు. నేను ఆ వరసలో నాలుగోది తెచ్చి వాగు పక్కన పెట్టాను: ఇనుప రాతిపగులు, లోపల దూది పరుపుతో సహా. రోజూ నడిచే కారులో దిబ్బ నిలవడం కష్టం. భూకంపం వచ్చే కొండలో ఎవరు ఇల్లు కట్టుకుంటారు? నిలిచిపోయిన కారు మాత్రం అచ్చంగా కొండే. అందుకే ఎలుకకు ఏది గిట్టదు అని అడగడం మానేసి, దానికి ఇక్కడ ఇల్లు ఎందుకు కుదిరింది అని అడగాలంటాను.

ఎలుకలను తరిమేవంటూ దుకాణాల్లో అమ్మేవన్నీ మొదటి ప్రశ్నకు జవాబులే. పుదీనా నూనె, ఘాటైన సబ్బు ముక్కలు, నక్క మూత్రం సీసాలు (నిజంగానే అమ్ముతారు). ఎడారి ఎండకు వారం తిరిగేసరికి ఏ వాసనా మిగలదు. నాఫ్తలీన్ ఉండలు ఇంజిన్‌లో వేసేవాళ్లున్నారు. అవి బిగుతుగా మూసిన పెట్టెల్లో బట్టల పురుగుల కోసం అనుమతించిన విషం, వేరేగా వాడటం ఇక్కడి చట్టానికే విరుద్ధం, ఆ ఆవిరి పీల్చేది కారులో కూర్చున్న మనమే. మనిషికి వినబడని శబ్దంతో ఎలుకలను తరిమేస్తామనే యంత్రాలు మరీ అన్యాయం. రుజువుల్లేని గొప్పలు చెబుతున్నారంటూ 2001లోనే అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక ఉత్తరాలు రాసింది. అయినా నేను ఒకటి కొన్నాను. చదువుకున్నవాడికి మూర్ఖత్వం ఉండకూడదని ఎక్కడా లేదు కదా. ఒక్క మినహాయింపు ఇస్తాను: హోండా కంపెనీ కారపు ఘాటు పట్టించిన టేపు అమ్ముతుంది, దాన్ని వైర్లకు చుట్టాలి. ఎలుక పన్ను పెట్టిన చోటే ఘాటు తగులుతుంది కాబట్టి అందులో అర్థముంది. కానీ అది చుట్టిన వైరును మాత్రమే కాపాడుతుంది, గూటిని ఆపదు.

పనికొచ్చే మొదటి పాఠం పక్కింటి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి. ఆయన ట్రక్కు బానెట్ రాత్రంతా ఎత్తే ఉంటుంది, కింద చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. బండి పాడైందేమో, పాపం, అని నేను చాలాకాలం జాలిపడ్డాను. ఒక రోజు అడిగితే, ‘పైకప్పు తీసి దీపం పెట్టిన ఇంట్లో నువ్వు కాపురం ఉంటావా?’ అన్నాడు. అంతే. కారుకు గుడ్డ ముసుగు కప్పడం దీనికి సరిగ్గా ఎదురు, ఎలుకకు తెర కట్టి ఇచ్చినట్టు. నేనూ సౌర దీపాల దండ ఒకటి తెచ్చి ఇంజిన్ మీద పరిచి, బానెట్ ఎత్తి ఉంచాను. మూడో రోజున కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, పాడైన వాహనాలను ఇంటి ముందు ప్రదర్శించరాదని. ఎలుకల సంగతి వివరిస్తూ జవాబు రాశాను. రెండో ఉత్తరంలో నన్ను ‘గౌరవనీయులు’ అన్నారు, జరిమానా మాత్రం తగ్గించలేదు. ఇప్పుడు చీకటి పడ్డాక ఎత్తి, తెల్లవారకముందే దించేస్తున్నాను.

ఎలుకల మందు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. వద్దు. మందు తిన్న ఎలుక అక్కడే చావదు, మూడు నాలుగు రోజులు మత్తుగా బయట తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకు, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లికి, మా వాగు మీద గుంపులుగా వేటాడే హారిస్ డేగలకు ఆ విషం ఎక్కుతుంది. బ్రోడిఫాకూమ్ వంటి, మరింత ఘాటైన ‘రెండో తరం’ ఎలుకల మందులు మామూలు వినియోగదారుల దుకాణాల్లో ఉండకూడదని 2008లోనే అమెరికా పర్యావరణ సంస్థ నిర్ణయించింది. కాలిఫోర్నియా 2021 జనవరి నుంచి వాటిని ఇంకా బిగించింది. ధర్మాధర్మాలు పక్కన పెట్టినా, ఎలుకలను ఉచితంగా పట్టే పక్షిని చంపుకోవడం లెక్క ప్రకారం కూడా తప్పే. పైగా చచ్చే ముందు అది ఏసీ గొట్టంలో దూరితే ఆ వాసనతో కారు అమ్మేయాలనిపిస్తుంది. గ్యారేజిలోకి వచ్చినదానికి వేరుశనగ ముద్ద పెట్టిన మెడవిరుపు బోను చాలు. జాలిపడి బతికుండగా పట్టి దూరంగా వదిలిపెట్టడం నా లెక్కలో దయ కాదు. ఇల్లు లేని ప్యాక్‌రాట్ ఎడారిలో ఒక రాత్రికి ఎవరికో ఒకరికి భోజనం.

అసలు పని దిబ్బను తీయడం. ఈ ఎలుక తన గూటి నుంచి ఎక్కువ దూరం పోదు. కారులో చోయా ముక్క కనిపించిందంటే దిబ్బ వంద అడుగుల లోపే ఉంటుందని వెతకాలి. మాది గోడ అవతల, పక్కింటివాళ్ల జెముడు పొద కింద దొరికింది. ఒంటరిగా చేతులు పెట్టే పని కాదు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు, ఈ దిబ్బల చల్లదనానికి రాటిల్ పాములు, తేళ్లు చేరతాయి. ‘ముద్దు పురుగు’ అని పిలిచే నెత్తురు తాగే నల్లి జాతి పురుగు ఉంటుంది, అది కుడితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడనంత పని అవుతుంది. గుండెను దెబ్బతీసే షాగస్ జబ్బు క్రిమిని మోసేదీ అదే. మందపాటి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, పొడుగు కర్ర ఉన్న కొంకి. పొదను మొత్తం పెరికేయనక్కరలేదు, నేలకు ఆనిన అట్టలు కోసేసి కిందంతా వెలుతురు పడేలా చేస్తే చాలు. మా దిబ్బ నాలుగు పెద్ద సంచులయింది. మూడో సంచిలో, గోల్ఫ్ బంతికీ సీసా మూతకీ మధ్య, మా కుంకుమ భరిణె మూత ఉంది.

ఆ సంతోషంలో పెద్ద పొరపాటు చేశాను. దిబ్బ తీసింది శనివారం. ఇల్లు పోయిన ఎలుక ఆ రాత్రి దగ్గరలో ఉన్న మరో చీకటి సందు వెతుక్కుంది. ఆదివారం ఉదయం మా ఆవిడ కారు ఇంజిన్ మీద నాలుగు చోయా ముక్కలు, పునాది వేసినట్టు. కాబట్టి వరస ముఖ్యం: ముందు కార్లకు దీపాలు, తరువాత దిబ్బ దగ్గర కొన్ని రాత్రులు బోను, ఆఖరున దిబ్బ. అది కూడా ఒక్క ఇంటి పనిగా చేస్తే ప్రయోజనం తక్కువ. మా తాతగారి చేలో వరి పొట్ట మీదికి వచ్చే వేళకు ఎలుకలు పట్టేవాళ్లు వెదురు బుట్టలతో వచ్చేవారు, ఎలుకకు ఇంత అని కూలి. పక్క చేను రైతు కలిసి రాకపోతే తాతగారు వాళ్లను పిలిచేవారే కాదు. గట్టు అవతలి నుంచి వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి, డబ్బు దండగ అనేవారు. ఇక్కడ మా వీధిలో నాలుగిళ్లవాళ్లను ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. జెముడు పొద మీద చేయి వేయనివ్వని ఒకావిడ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ కారు విద్యుత్తుది, ఇంజిన్ లేదు కాబట్టి ఎలుక రాదని ఆవిడ ధీమా. వైర్లు మాత్రం ఉన్నాయి కదా.

ఇక మన తెలుగువాళ్ల గ్యారేజి. దీని గురించి కొంచెం కటువుగా రాయక తప్పదు. కారు ఎండలో ఉంటుంది, గ్యారేజిలో సోనామసూరి బస్తాలు ఉంటాయి. కందిపప్పు, మినపప్పు సంచులు, రెండో పొయ్యి, నూనె డబ్బాలు, ఏడేళ్లుగా విప్పని అట్టపెట్టెలు. ఇంగ్లీషులో ఏదీ పారేయని మనిషిని కూడా ప్యాక్‌రాట్ అనే అంటారు. మా గ్యారేజిలో ఆ పేరు ఎవరికి ఎక్కువ నప్పుతుందో చెప్పడం కష్టం. ఫోనులో అమ్మకు మొరపెట్టుకుంటే, ‘గాదె కింద పందికొక్కు చేరడం వింతా? గింజలు సంచుల్లో నేల మీద పెట్టుకుని ఎలుకలు వచ్చాయంటావేమిటిరా?’ అంది. బస్తాలు మూత బిగిసే రేకు డబ్బాల్లోకి మారాయి, అట్టపెట్టెలు పోయాయి, అరలన్నీ నేల నుంచి జానెడు పైకి లేచాయి. తరువాత ఒక రాత్రి గ్యారేజిలో లైటు వేసి, తలుపు మూసి, బయట నిలబడి చూశాను. తలుపు కింది రెండు మూలల్లో వెలుగు కనిపించింది. ఇక్కడి ఎండకు ఆ రబ్బరు పట్టీ గట్టిపడి, ముడుచుకుని, చివర్లలో విడిపోతుంది. పెన్సిల్ దూరే సందుంటే చుంచెలుక దూరుతుంది. కొత్త పట్టీ, మూలల్లో పావు అంగుళం కళ్ల ఇనుప జాలీ, గొట్టాల చుట్టూ సిమెంటు. ఒక మధ్యాహ్నం పని, కారం ఖర్చు కన్నా కాస్త ఎక్కువ.

శుభ్రం చేసేటప్పుడు మాత్రం చీపురు పట్టవద్దు. 1993లో ఇక్కడికి ఈశాన్యాన, నాలుగు రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో, ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోవడంతో హంటా వైరస్ సంగతి బయటపడింది. దాన్ని ముఖ్యంగా మోసేది ప్యాక్‌రాట్ కాదు, డీర్ మౌస్ అనే చిట్టెలుక. కానీ గ్యారేజి తలుపు సందు ఇద్దరికీ ఒకటే. ఊపిరి జబ్బుగా ముదిరినవారిలో సుమారు 38 శాతం మంది బతకరు. 2025 ఫిబ్రవరిలో శాంటా ఫేలో నటుడు జీన్ హాక్‌మన్ భార్య బెట్సీ అరకావా చనిపోయింది ఈ జబ్బుతోనే. ఎండిన పెంటికల దుమ్ములో వైరస్ గాలిలోకి లేస్తుంది. అందుకని తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనిచ్చి, ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, అయిదు నిమిషాలు నానబెట్టి, చేతి తొడుగులతో కాగితంలో ఎత్తి పారేయాలి. చాలాకాలం నిలిపిన కారులో కూర్చోగానే ఏసీ వేయడం కూడా ఇందుకే వద్దు. ముందు కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ బయటికి లాగి, అందులో గూడు లేదని చూసుకోవాలి. కారం సంగతి తెలిసిన నాకు ఈ జాలీ మహిమ మరొకరు చెప్పనక్కరలేదు.

పోయిన డిసెంబరులో మళ్లీ ఇండియా వెళ్లాం. పెద్దాయనకు తాళాలిచ్చాను. రెండు రోజులకొకసారి ఆయన మా కారు తీసి కూరగాయల దుకాణం దాకా పోయి వచ్చాడు, రాత్రిళ్లు బానెట్ ఎత్తాడు, కాలనీ సంఘానికి తన శైలిలో జవాబిచ్చాడు. ఆయనకు పూతరేకులు తెచ్చాం. వైరు ఒక్కటీ తెగలేదు. భరిణె మూత మాత్రం ఇంట్లోకి రాలేదు. బ్లీచు నీళ్లలో నానబెట్టాను, చింతపండుతో తోమాను, తళతళలాడింది. మా ఆవిడ చూసి, ఎక్కడెక్కడ పడి వచ్చిందో, దేవుడి గదిలో పెట్టేది లేదంది. ఇప్పుడది గ్యారేజి అరలో మేకుల గిన్నెకు మూతగా ఉంది. మొన్న చూస్తే మేకులున్నాయి, మూత లేదు. చుట్టూ వెతికాను. మెస్కీట్ కాయ ఏదీ కనిపించలేదు కాబట్టి పిల్లలనే అడగాలి.